కానుగలోని కరంజిన్‌ను ల్యాబ్‌లో తయారు చేయడం: నా అనుభవం

పురుగును చంపే మందు వేరు, పురుగును తిననివ్వకుండా ఆపే పదార్థం వేరు. మొదటిది ఒంటికి తగిలినా, కడుపులోకి పోయినా పురుగు చస్తుంది. రెండోది పూసిన ఆకును పురుగు ఒకసారి కొరికి, వదిలేసి, పక్కకు పాకుతుంది. చుట్టుపక్కల ఇంకేమీ దొరక్కపోతే ఆకలితో నీరసపడుతుంది. ఇలాంటి పదార్థాలను యాంటీఫీడెంట్లు అంటారు. మొక్కలు పారిపోలేవు కాబట్టి తమను తినడానికి వచ్చేవాటి కోసం వీటిని తమలోనే తయారు చేసి పెట్టుకుంటాయి. నా పీహెచ్‌డీలో నేను పట్టుకున్నది అలాంటి ఒక అణువును: కానుగ గింజల నూనెలో ఉండే కరంజిన్. దాన్ని రిసార్సినాల్ అనే మామూలు రసాయనంతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోవడం, ఆ తర్వాత లద్దె పురుగు ముందు పెట్టి చూడటం నా పని. ఎమ్మెస్సీ చేసి ఈ దారిలోకి వద్దామనుకునే పిల్లలు తరచూ అడుగుతుంటారు కాబట్టి, ఏం చేశానో, ఎక్కడ ఇబ్బంది పడ్డానో కాస్త వివరంగానే రాస్తున్నాను.

యాంటీఫీడెంట్ అనగానే మనకు గుర్తొచ్చేది వేప. అది న్యాయమే. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పప్పు పొడిని నీళ్లలో కలిపి పంటల మీద చల్లితే, వాలిన మిడతల దండు ఆ పంటలను ముట్టకుండా వదిలేసింది. 1968లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, డేవిడ్ మోర్గాన్ వేపగింజల నుంచి అజాడిరాక్టిన్‌ను విడదీశారు. గింజల సారాన్ని భాగాలు చేసి, ఎడారి మిడతలు ఏ భాగాన్ని తినడం మానేస్తున్నాయో చూసుకుంటూ అసలు పదార్థం దగ్గరికి చేరారు. ఆ అణువు ఎలా ఉంటుందో సరిగ్గా తేలేసరికే 1980ల మధ్యకు వచ్చేశాం. ఇక దాన్ని ల్యాబ్‌లో పూర్తిగా కట్టడం కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం 2007లో ముగించింది. 22 ఏళ్లు పట్టింది, 71 మెట్లు, చివరకు మిగిలిన ఈల్డ్ (చేతికి దక్కిన సరుకు) 0.00015 శాతం.

నేను చేరిన కొత్తలో నాకూ అజాడిరాక్టిన్ మీదే మనసు. మా గైడ్ సార్ ఈ అంకెలే బోర్డు మీద రాసి, "ఇది ఒక గొప్ప పర్వతం. కానీ నీకు కావలసింది పురుగు ముందు పెట్టడానికి సరిపడా చేతికొచ్చే పదార్థం" అన్నారు. ఆయన చూపించిందే కరంజిన్. 18 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 4 ఆక్సిజన్లు, అణుభారం 292. అజాడిరాక్టిన్ అణుభారం 720, పైగా దానిలో 16 కార్బన్ల దగ్గర కుడి ఎడమల తేడా ఉంటుంది, ఒక్కటి తిరగబడినా అది వేరే పదార్థం. కరంజిన్ బల్లపరుపుగా ఉండే అణువు. ఒక ఫ్లేవోన్ చట్రం (చాలా మొక్కల్లో కనిపించే మూడు రింగుల అమరిక), దానికి ఒక పక్కన అతుక్కున్న ఫ్యూరాన్ రింగు (నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న చిన్న రింగు), మూడో స్థానంలో ఒక మిథాక్సీ (ఆక్సిజన్‌కు తగిలిన మిథైల్ గుంపు). కుడి ఎడమల గొడవ లేదు కాబట్టి ల్యాబ్‌లో చేసిన కరంజిన్, చెట్టు చేసిన కరంజిన్ అన్ని విధాలా ఒకటే. పురుగు పరీక్షలకు ఇది చాలా పెద్ద వెసులుబాటు.

దీని వెనుక మన నేల మీద జరిగిన కథ ఒకటుంది, అది తెలిశాక నాకు ఈ అణువు మీద ప్రేమ ఇంకా పెరిగింది. కానుగ నూనె నుంచి కరంజిన్‌ను 1920ల్లో పుణెలో డి.బి. లిమయే విడదీశారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన టి.ఆర్. శేషాద్రి 1934లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. పత్తి పూలు, కానుగ వేర్లు, తీగలు, బెరడులు, ఏది దొరికితే దాన్ని పరిశీలిస్తూ అక్కడ ఒక తరం కెమిస్టులను తయారు చేశారు. 1941లో శేషాద్రి, వెంకటేశ్వర్లు కలిసి కరంజిన్ సంశ్లేషణను, అంటే దాన్ని ల్యాబ్‌లో కట్టిన పద్ధతిని, ప్రచురించారు. ఆ తర్వాత కానుగ వేర్ల నుంచి శేషాద్రి బృందం విడదీసిన మరో స్ఫటికానికి కానుగిన్ అని పేరు పెట్టారు. 1949లో శేషాద్రి ఢిల్లీ వెళ్లిపోయారు. అక్కడ 1950ల్లో ఆయన బృందం ఫ్యూరాన్ రింగును కట్టడానికి ఇంకో దారి కనిపెట్టింది. నేను నడిచింది చాలావరకు ఆ దారిలోనే. స్పెక్ట్రోమీటర్లు లేని రోజుల్లో, కరిగే ఉష్ణోగ్రత, రంగు, కార్బన్ హైడ్రోజన్ల లెక్క, ఇంతే ఆధారంగా వాళ్లు ఇవన్నీ తేల్చారు. ఆ పాత పేపర్లలో ఒక్కో వాక్యం వెనుక ఎంత చాకిరీ ఉందో స్వయంగా చేస్తే గానీ అర్థం కాదు.

మా ఊరు నల్లగొండ వైపు. అక్కడ కానుగ కొత్త చెట్టేమీ కాదు. వరి మళ్లలో కానుగ కొమ్మలు తొక్కించడం, కానుగ పుల్లతో పళ్లు తోముకోవడం, నూనె తీయగా మిగిలిన కానుగ చెక్క పొలానికి వేయడం అందరికీ తెలుసు. నేను చేసే పని చెప్పినప్పుడు మా బాబాయ్ అడిగిన మాట: "గింజలు రాలి చెట్ల కిందనే పడి ఉంటాయి బిడ్డా. నూనె పట్టించుకుంటే అయిపాయె. గది వదిలిపెట్టి సీసాలల్ల వండుడెందుకు?" ఈ ప్రశ్న సెమినార్లలో పెద్ద ప్రొఫెసర్లు కూడా అడిగారు, కాకపోతే ఇంత సూటిగా అడగలేదు.

దానికి నా జవాబు ఇది. కానుగ నూనెలో కరంజిన్ ఒక్కటే ఉండదు. పొంగమాల్ అనే ఇంకో పదార్థం ఉంటుంది, ఇంకా కొన్ని ఫ్లేవోన్లు ఉంటాయి, వీటన్నిటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కొవ్వు ఆమ్లాల గ్లిజరైడ్లు, అంటే నూనెలోని జిడ్డు, ఉంటాయి. నూనె పూసిన ఆకును పురుగు వదిలేసిందంటే, దాన్ని ఆపింది ఎవరు? ఆ జిడ్డేనా? ఆ వాసనా? కరంజిన్ అయితే, దానిలో ఏ భాగం? ఫ్యూరాన్ రింగు తీసేస్తే ఏమవుతుంది, మిథాక్సీ బదులు ఇంకేదైనా పెడితే ఏమవుతుంది? చెట్టు నాకు కరంజిన్ ఇస్తుంది కానీ ఫ్యూరాన్ లేని కరంజిన్ ఇవ్వదు. అది కావాలంటే నేనే కట్టుకోవాలి. పొలంలో చల్లడానికి టన్నుల కొద్దీ కరంజిన్ ల్యాబ్‌లో చేయాలనే ఆలోచన నాకు ఎప్పుడూ లేదు.

ముందు పోల్చుకోవడానికి అసలు సరుకు ఉండాలి కదా. గానుగ నుంచి కానుగ నూనె తెచ్చి, మిథనాల్‌తో కుదిపి, మిథనాల్ పొరను వేరు చేసి, రోటాలో (ద్రావకాన్ని ఆవిరి చేసే యంత్రం) పెట్టి ఆరబెట్టి, సిలికా కాలమ్ (పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసే, సిలికా నింపిన గొట్టం) వేశాను. హెక్సేన్‌లో ఇథైల్ అసిటేట్ శాతం పెంచుకుంటూ పోతే ముందు జిడ్డు, తర్వాత పొంగమాల్, ఆ వెనకాల కరంజిన్ వస్తాయి. నూనెలో కరంజిన్ ఉండేది సుమారు ఒకటి, ఒకటిన్నర శాతమే. కానీ స్ఫటికంగా మారినప్పుడు చూడాలి, ఆ నల్లటి చేదు నూనెలో నుంచి తెల్లటి సన్నని సూదులు. కరిగే ఉష్ణోగ్రత 160 డిగ్రీల దగ్గర. వాటిని ఒక చిన్న వయల్‌లో పెట్టి లేబుల్ అంటించి ఫ్రిజ్‌లో దాచాను. పని మొత్తంలో నా కొలబద్ద అదే.

సంశ్లేషణలో మొదటి మెట్టు హోష్ రియాక్షన్. రిసార్సినాల్, మిథాక్సీ అసిటోనైట్రైల్, తేమ లేని జింక్ క్లోరైడ్, మూడింటినీ తేమ లేని ఈథర్‌లో వేసి, మంచులో పెట్టి, పొడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును గంటల తరబడి పంపాలి. ఉప్పు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కలుగా వదిలి ఆ వాయువును తయారు చేసుకోవడం, ఇంకో సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసాలో నుంచి పంపి ఆరబెట్టడం, మిగిలిపోయి బయటికి వచ్చేదాన్ని క్షారపు నీళ్లలో పట్టడం, ఇదంతా ఒక సరంజామా. ఈ మెట్టుకు ప్రాణం తేమ లేకపోవడంలో ఉంది. వానాకాలంలో హైదరాబాద్ గాలిలో జింక్ క్లోరైడ్ తూచేలోపే చెమ్మగిల్లి కరిగిపోతుంది. సరే ఎండాకాలం చేద్దామా అంటే ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది, ఏప్రిల్ మధ్యాహ్నం మా గది అంతకన్నా వేడిగా ఉండేది. యూరప్ ల్యాబుల్లో రాసిన పద్ధతి పేపర్‌లో "గది ఉష్ణోగ్రత" అని ఉంటే, అది ఎవరి గది అని చూసుకోవాలి. నేను ఈ రియాక్షన్లన్నీ డిసెంబరు, జనవరి నెలలకు పెట్టుకుని, ఈ మెట్టులో వచ్చే కీటోన్‌ను సంవత్సరానికి సరిపడా అప్పుడే చేసి దాచుకునేదాన్ని. ఫ్లాస్కు అడుగున కీటోన్‌కు ముందు రూపమైన ఇమీన్ లవణం గట్టిగా పేరుకోవడం కనిపిస్తే సగం టెన్షన్ పోతుంది. పైనున్న ఈథర్‌ను వంపేసి, ఆ ముద్దను నీళ్లతో మరిగిస్తే కీటోన్ వస్తుంది.

రెండో మెట్టు ఆలన్-రాబిన్సన్. 1924లో వచ్చిన ఈ పద్ధతిని కనిపెట్టిన రాబిన్సన్, శేషాద్రికి గురువైన ఆ రాబిన్సనే. గురువు దగ్గర నేర్చుకున్న పనిని శిష్యుడు వాల్తేరు తీరానికి తెచ్చి కానుగకు వాడాడు. కీటోన్‌ను బెంజాయిక్ అన్‌హైడ్రైడ్, సోడియం బెంజోయేట్‌తో కలిపి, ద్రావకం ఏదీ లేకుండా, నూనె స్నానంలో 170, 180 డిగ్రీల దగ్గర కరిగించి ఉంచాలి. చల్లారాక అది రాయిలా గట్టిపడుతుంది. దాన్ని ఆల్కహాల్ కలిపిన పొటాష్‌తో మరిగించి విడగొట్టాలి. అప్పుడు ఫ్లాస్కులో మనకు కావలసిన ఫ్లేవోన్, వద్దనుకునే బెంజాయిక్ ఆమ్లం, రెండూ క్షారంలో కరిగిపోయి ఉంటాయి.

ఈ రెండింటినీ విడదీసే పాత పద్ధతి నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా నచ్చింది. ఆమ్లం పోస్తే రెండూ కలిసి పడిపోతాయి, మళ్లీ తలనొప్పి. అలా కాకుండా కార్బన్ డయాక్సైడ్ పంపాలి. ఫ్లేవోన్ మీది హైడ్రాక్సీ కార్బానిక్ ఆమ్లం కన్నా బలహీనం, కాబట్టి అది లవణంగా ఉండలేక బయటికి వచ్చి పడిపోతుంది. బెంజాయిక్ ఆమ్లం బలమైనది, అది నీళ్లలోనే లవణంగా ఉండిపోతుంది. నేను డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్కలు వేసేదాన్ని. తెల్లటి పొగ కింద తేటగా ఉన్న ద్రావణం మెల్లగా మసకబారి, పాలిపోయిన పసుపు పొడి అడుగుకు దిగుతుంది. కాలమ్ అక్కర్లేదు, లీటర్ల కొద్దీ ద్రావకం అక్కర్లేదు. కొత్తగా చేరిన పిల్లలు ఏ మిశ్రమమైనా నేరుగా కాలమ్ మీదికి ఎక్కించేస్తారు. ఆమ్లబలాల పట్టిక ఒకసారి చూస్తే చాలా కాలమ్‌లు తప్పుతాయని నేను వాళ్లకు చెబుతూనే ఉంటాను.

ఇప్పుడు చేతిలో ఉన్నది 7వ స్థానంలో హైడ్రాక్సీ, 3వ స్థానంలో మిథాక్సీ ఉన్న ఫ్లేవోన్. ఫ్యూరాన్ రింగు ఒక్కటే లోటు. దీనిలో కొంత భాగాన్ని విడిగా తీసి పెట్టుకున్నాను, పురుగు దగ్గర అవసరమవుతుందని. మిగిలినదానికి అలైల్ బ్రోమైడ్, పొటాషియం కార్బొనేట్ వేసి అసిటోన్‌లో మరిగిస్తే 7వ ఆక్సిజన్‌కు మూడు కార్బన్ల తోక తగులుకుంటుంది. అలైల్ బ్రోమైడ్ కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది కాబట్టి హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే అద్దాల అర) దాటి బయటికి రానివ్వకూడదు, అంతకు మించి ఈ మెట్టులో చెప్పుకోవలసింది లేదు.

తర్వాతిది క్లైజెన్ రీఅరేంజ్‌మెంట్. ఆ తోకను ఆక్సిజన్ మీద నుంచి పక్కనున్న కార్బన్ మీదికి దూకించాలి. డైమిథైల్ అనిలిన్‌లో, నైట్రోజన్ కింద, 190 డిగ్రీలు దాటిన వేడిలో మరిగిస్తే చాలు, వేరే రసాయనం ఏదీ అక్కర్లేదు. 7కు అటు 6, ఇటు 8, రెండు చోట్లూ ఖాళీగానే ఉంటాయి. కానీ ఈ చట్రంలో డబుల్ బాండ్ 7, 8 కార్బన్ల మధ్య ఎక్కువగా కుదురుకుని ఉంటుంది, అందుకే తోక 8వ కార్బన్‌కే వెళుతుంది. కరంజిన్‌కు కావలసిందీ అదే. వెళ్లిందో లేదో ఎన్ఎంఆర్ (అణువులో హైడ్రోజన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గీతలుగా చూపించే పరికరం) చూస్తే తెలిసిపోతుంది. 5, 6 స్థానాల్లోని హైడ్రోజన్లు పక్కపక్కన ఉంటే ఒక్కొక్కటి జంట గీతలుగా చీలి, మధ్య దూరం దాదాపు 9 హెర్ట్జ్ ఉంటుంది. 6కు వెళ్లి ఉంటే రెండూ ఒంటరి గీతలుగా కనిపించేవి. ఆ రాత్రి ఎన్ఎంఆర్ గదిలో స్క్రీన్ మీద రెండు చక్కటి జంట గీతలు చూసి మా సీనియర్ అక్కకు అక్కడి నుంచే ఫోన్ చేశాను.

తోకలోని మూడు కార్బన్లలో ఒకటి ఎక్కువ. దాన్ని నరికేయాలి. ఢిల్లీ బృందం ఓజోన్ వాడింది. మా దగ్గర ఓజోన్ యంత్రం లేదు కాబట్టి ఆస్మియం టెట్రాక్సైడ్‌ను కొద్దిగా, సోడియం పెరయోడేట్‌ను ఎక్కువగా వాడాము. ఆస్మియం ఖరీదు ఒక ఎత్తు, దాని ప్రమాదం ఇంకో ఎత్తు. గది వేడికే ఆవిరై లేచి కంటి పొరను దెబ్బతీస్తుంది. ఆ రోజుల్లో నేను హుడ్ అద్దం ఎంతవరకు దించి ఉందో పదే పదే చూసుకునేదాన్ని. పని అయ్యాక మిగిలిన ఆస్మియాన్ని సల్ఫైట్‌తో శాంతింపజేసి గానీ బయటికి తీయకూడదు. ఇక్కడ తయారయ్యే ఆల్డిహైడ్ ఎక్కువ సేపు నిలవదు. వర్కప్ (రియాక్షన్ అయ్యాక సరుకును వేరు చేసే పని) అయిన రోజే తర్వాతి మెట్టుకు పంపేయాలి.

ఆ చివరి మెట్టుకు పాలీఫాస్ఫారిక్ ఆమ్లం. ముదురు బెల్లం పాకంలా ఉంటుంది, మాగ్నెట్ తిరగదు, గాజు కడ్డీతో కలపాల్సిందే. 100 డిగ్రీల దగ్గర ఆల్డిహైడ్, పక్కనున్న హైడ్రాక్సీ కలిసి ఒక నీటి అణువును వదిలేస్తే ఫ్యూరాన్ రింగు మూసుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే మొత్తం నల్లబడి తారులా అయిపోతుంది. అందుకే కొద్దికొద్దిగా తీసి టీఎల్‌సీ (పలక మీద చుక్కలు పెట్టి పదార్థాలను పోల్చే పరీక్ష) పెడుతూ, పక్కనే ఫ్రిజ్‌లోని ఆ వయల్ నుంచి తీసిన అసలు కరంజిన్ చుక్క పెడుతూ చూశాను. రెండు చుక్కలూ ఒకే ఎత్తుకు చేరాయి. ఐస్ మీద పోసి, ఇథైల్ అసిటేట్‌తో లాగి, చిన్న కాలమ్ వేసి, స్ఫటికాలు కట్టించాను. ఎన్ఎంఆర్‌లో 3.9 దగ్గర మిథాక్సీ, 7.2, 7.8 దగ్గర ఫ్యూరాన్ హైడ్రోజన్లు రెండూ 2 హెర్ట్జ్ తేడాతో జంటలుగా వచ్చాయి. మాస్ స్పెక్ట్రంలో 293, అంటే అణుభారం 292కు ఒక హైడ్రోజన్ కలిసినది. అన్నీ సరిపోయాక కూడా పాతకాలపు పరీక్ష ఒకటి చేశాను. చెట్టు నుంచి తీసిన సూదులు కొన్ని, నేను కట్టిన సూదులు కొన్ని కలిపి నూరి, గొట్టంలో నింపి కరిగించాను. వేర్వేరు పదార్థాలైతే కరిగే ఉష్ణోగ్రత కిందికి జారుతుంది. జారలేదు. శేషాద్రి కాలంలో ఇదే ఆఖరి తీర్పు. నాకు స్పెక్ట్రం కన్నా ఈ చిన్న గాజు గొట్టమే ఎక్కువ తృప్తినిచ్చింది.

ఇక పురుగుల సంగతి. ల్యాబ్ కెమిస్టులు చాలామంది ఇక్కడ పనిని ఎవరికో అప్పగించి, వాళ్లిచ్చిన అంకెలను పట్టికలో వేసుకుంటారు. నేను అలా వద్దనుకుని కీటకశాస్త్రం చదివిన ఒక మిత్రురాలి దగ్గర కూర్చుని పురుగులను పెంచడం నేర్చుకున్నాను. పొగాకు లద్దె పురుగును ఎంచుకున్నాం. మిరప, వేరుశనగ, పత్తి, పొగాకు నారుమళ్లు, దేన్నీ వదలదు. ఆముదం ఆకు అంటే దానికి ఎంత ఇష్టమంటే, పొలం గట్ల మీద ఆముదం వేసి దాన్ని ఎర పంటగా వాడమని రైతులకు చెబుతారు. మేం ఆ ఆముదం ఆకు మీదే కరంజిన్ పూశాం. పురుగుకు అసలే నచ్చని ఆకు మీద పరీక్ష పెట్టి ఆగిపోయిందని చెప్పుకోవడంలో అర్థం లేదు.

తల్లి రెక్కల పురుగు ఆకు అడుగున గుడ్లను కుప్పగా పెట్టి, పైన గోధుమ రంగు నూగు కప్పుతుంది. పిల్లలు మొదట గుంపుగా ఆకును గీకి జల్లెడ చేస్తాయి, పెద్దవయ్యే కొద్దీ విడిపోతాయి. రోజూ మందు కొట్టని తాజా ఆకు కావాలి, డబ్బాలు కడగాలి, రెట్టలు తీయాలి. ఒక వానాకాలంలో మా పురుగులు ఒక్కొక్కటిగా డబ్బా పైకి ఎక్కి, తల కిందికి వేలాడుతూ, మెత్తబడి కారిపోవడం మొదలైంది. అది ఎన్‌పీవీ వైరస్. రైతులకు అదే వైరస్‌ను లద్దె పురుగు మీద మందుగా ఇస్తారు. మాకు మాత్రం పెంపకం మొత్తం పోయింది. డబ్బాలన్నీ బ్లీచ్‌లో నానబెట్టి, గదంతా కడిగి, పొలం నుంచి కొత్త గుడ్లు తెచ్చుకుని మళ్లీ తరాలు పెంచుకోవాల్సి వచ్చింది. కెమిస్ట్రీలో ఫ్లాస్కు పగిలితే ముందు మెట్టు సరుకు ఫ్రిజ్‌లో ఉంటుంది. ప్రాణమున్న వాటితో ఆ సౌకర్యం లేదు.

పరీక్ష చూడటానికి సులువే. ఆముదం ఆకు నుంచి పెద్ద ఈనె తగలకుండా గుండ్రటి ముక్కలు కోస్తాం. కరంజిన్‌ను అసిటోన్‌లో కరిగించి రెండు వైపులా పూసి ఆరబెడతాం. పోలికకు పెట్టే ముక్కకు ఒట్టి అసిటోన్ పూయాలి, లేకపోతే పురుగును ఆపింది అసిటోనేమో అన్న అనుమానం మిగిలిపోతుంది. తడి వడపోత కాగితం పరిచిన పెట్రీ గిన్నెలో, కొన్ని గంటలు పస్తు పెట్టిన మూడో దశ పురుగును వదిలి, ఒక రోజు తర్వాత తినగా మిగిలిన ఆకు విస్తీర్ణం కొలుస్తాం. పూసిన ముక్క, పూయని ముక్క రెండూ ఒకే గిన్నెలో పెడితే పురుగుకు ఎంచుకునే వీలుంటుంది. పూసినది ఒక్కటే పెడితే ఉండదు. రెండు రకాలూ చేయాలి, ఎందుకంటే పొలంలో మందు పడిన మడిలో పురుగుకు ఎంపిక ఉండదు.

అంకెల కన్నా నేను లెన్సుతో చూసిందే నాకు ఎక్కువ నేర్పింది. పురుగు ముక్క అంచుకు వస్తుంది, నోటి దగ్గరున్న చిన్న చిన్న ముళ్ల లాంటి అవయవాలతో తడుముతుంది. రుచి తెలిసేది వాటితోనే. చక్కెరకు స్పందించే కణాలున్నట్టే, చేదుకు స్పందించి ఆపేసే కణాలు కూడా వాటిలో ఉంటాయి. ఒక చిన్న కొరుకు. తల వెనక్కి. నోటిని కాగితానికి రుద్దుకుని గిన్నె చుట్టూ తిరగడం. మళ్లీ రావడం, మళ్లీ తడమడం. ఒట్టి అసిటోన్ పూసిన ముక్కను అదే వయసు పురుగు అంచు నుంచి వరుసగా కోసుకుంటూ పోయేది. ఫ్యూరాన్ లేకుండా పక్కన దాచిపెట్టిన ఫ్లేవోన్‌ను కూడా ఇలాగే పెట్టాం. మా పరీక్షల్లో పురుగులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, తినేశాయి. ఒక రింగు ఉండటానికీ లేకపోవడానికీ పురుగు నోటి దగ్గర ఇంత తేడా ఉందని కళ్లారా చూసిన రోజు, ఆస్మియం భయం, ఈథర్ బాధ అన్నీ సార్థకమయ్యాయి అనిపించింది.

కానీ ఎంపిక లేని పరీక్షను మర్నాటికి కూడా పొడిగించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. స్వచ్ఛమైన కరంజిన్ పూసిన ముక్కల దగ్గర ఆకలేసిన పురుగులు కొన్ని అలవాటు పడి తినడం మొదలుపెట్టాయి. కానుగ నూనె సారం పూసిన ముక్కల దగ్గర ఈ అలవాటు మాకు అంతగా కనిపించలేదు. అప్పుడు పాత పేపర్లు వెతికితే 1996లో కెనడాలో బాంఫోర్డ్, ఐస్‌మన్ ఇదే లద్దె పురుగు మీద చేసిన పని దొరికింది. స్వచ్ఛమైన అజాడిరాక్టిన్‌కు పురుగులు అలవాటు పడ్డాయి, అంతే అజాడిరాక్టిన్ ఉన్న వేప సారానికి మాత్రం అలవాటు పడలేదు. చెట్టు ఒక్క అణువును నమ్ముకోకుండా ఎన్నో రకాలు ఎందుకు కలిపి పెడుతుందో దీనితో కొంత అర్థమవుతుంది.

మా బాబాయ్‌కు ఇదంతా చెప్పాను. ఆముదం చేలో నామాల పురుగు పడినప్పుడల్లా ఆయన ఫోన్ చేస్తారు. నేను కరంజిన్ గురించి చెప్పను. వేపగింజల పప్పు పొడి 5 కిలోలు రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్ల నీళ్లకు చేసుకుని, కాస్త సబ్బు పొడి కలిపి, పొద్దు వాలాక కొట్టమంటాను. ఎండలో ఈ పదార్థాలు తొందరగా విరిగిపోతాయి కాబట్టి సాయంత్రమే మంచిది. పురుగులు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి, ముదిరినవి దేన్నీ లెక్కచేయవు. కొట్టిన మర్నాడు పురుగులు బతికే కనిపిస్తే మందు పనిచేయలేదనుకోవద్దని, కొత్తగా కొరికిన ఆకులున్నాయా అని చూడమని చెబుతాను. కానుగ నూనె వాడితే సబ్బుతో బాగా చిలికి చిన్న మడి మీద ముందు చూసుకోవాలి, చెరువులోకీ కుంటలోకీ పోనివ్వకూడదు. కానుగ గింజలు చేపలకు విషం. చెట్టు నుంచి వచ్చింది కదా ఏమీ కాదులే అనుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. కరంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది చేపకు అనవసరం.

ప్రస్తుతం పొంగమాల్ తయారీలో ఉన్నాను. దానిలోనూ అదే ఫ్యూరాన్ ఉంది కానీ ఫ్లేవోన్ చట్రం మూసుకోకుండా రెండు కీటోన్లుగా తెరుచుకుని ఉంటుంది. ఇలాంటి రెండు కీటోన్ల అణువులను కట్టే బేకర్-వెంకటరామన్ పద్ధతికి బాగా లొంగే ఆకారం. అది చేతికి వచ్చాక కరంజిన్‌తో వేర్వేరు పాళ్లలో కలిపి, పురుగులు అలవాటు పడకుండా ఆపుతున్నది వీటి జంటా, లేక నూనెలో ఇంకా మేం విడదీయని మూడోదేదైనా ఉందా అని చూడాలి. కొత్త తరం గుడ్లు ఇప్పుడే పొదిగాయి, వచ్చే వారం నుంచి ఆకు ముక్కలు కోయడం మొదలుపెడతాం.